యాడ్స్ డబ్బు ఒక్కదాన్నే నమ్ముకోకుండా వీడియోలతో ఇంకేం చేయొచ్చు? చేస్తున్నవాళ్ళు చెప్పండి

బొమ్మలబడి:
అందరికీ నమస్తే. నాది డ్రాయింగ్ నేర్పించే యూట్యూబ్ ఛానెల్, పెన్సిల్ షేడింగ్, ముఖాలు గీయడం అలాంటివి. మానిటైజేషన్ ఎప్పుడో వచ్చింది, యాడ్స్ నడుస్తున్నాయి, కానీ ఒక నెల వచ్చినట్టు ఇంకో నెల రావట్లేదు. డిసెంబర్‌లో పర్లేదు బానే ఉందే అనుకున్నా, జనవరిలో వ్యూస్ ఏం తగ్గకపోయినా డబ్బులు మాత్రం ఢమాల్. మెంబర్‌షిప్ (చూసేవాళ్ళు నెలనెలా డబ్బు కట్టి చేరేది) పెట్టాలా, షార్ట్స్ మీద పడాలా, బయటెక్కడైనా కోర్సు అమ్మాలా ఏదీ తేల్చుకోలేకపోతున్నా. ఇంకోటి, చూసేవాళ్ళు చూసేసి పోతున్నారు అంతే, కామెంట్ పెట్టే నాథుడే లేడు. ఈ రెండూ ఒకటే జబ్బేమో అని నాకు అనుమానం. యాడ్స్ కాకుండా ఇంకేమైనా చేస్తున్నవాళ్ళు ఉంటే చెప్పండి. "బెల్ ఐకాన్ నొక్కమని చెప్పండి" లాంటి సలహాలు మాత్రం వద్దు ప్లీజ్.

లెక్కలమనిషి:
జనవరి సంగతి మీ ఒక్కరిదే కాదండీ. కంపెనీలు ఏడాది చివరి మూడు నెలల్లో యాడ్ బడ్జెట్ అంతా కుమ్మరిస్తాయి, కొత్త సంవత్సరం రాగానే పర్సు మూసేస్తాయి. యాడ్ స్లాట్ అమ్ముడయ్యేది వేలంలో, పాడుకునేవాళ్ళు తగ్గితే రేటు పడిపోతుంది. దానికి మీ వీడియోల్లో లోపం వెతుక్కోకండి.

అన్నట్టు మీరు చూస్తున్నది సీపీఎమ్మా ఆర్‌పీఎమ్మా? సీపీఎమ్ అంటే వెయ్యి యాడ్‌లు చూపించినందుకు యాడ్ ఇచ్చినవాడు కట్టేది, అది చూసి మురిసిపోతే లాభం లేదు. ఆర్‌పీఎమ్ అంటే యాడ్ పడినవీ పడనివీ అన్నీ కలిపి వెయ్యి వ్యూస్‌కి, యూట్యూబ్ వాటా పోయాక మన చేతికొచ్చేది. మెంబర్‌షిప్, సూపర్ చాట్ (లైవ్‌లో డబ్బు కట్టి పెట్టే మెసేజ్), ప్రీమియం (యాడ్స్ లేకుండా చూడటానికి కట్టే చందా) డబ్బు కూడా అందులోనే కలుస్తుంది. పెద్ద వీడియోల మీద వచ్చే యాడ్ డబ్బులో మన వాటా 55 శాతం. 8 నిమిషాలు దాటిన వీడియోకే మధ్యలో యాడ్స్ పెట్టుకోవచ్చు, 2020 జూలైకి ముందు అది 10 నిమిషాలు ఉండేది. అలాగని 6 నిమిషాల పాఠాన్ని 8కి సాగదీస్తే జనం మధ్యలోనే లేచిపోతారు, ఆ పని చేయకండి.

రీల్‌రాజా:
బ్రో సింపుల్, షార్ట్స్ చెయ్. బొమ్మ గీసేది ఫాస్ట్ ఫార్వర్డ్‌లో పెట్టు, ట్రెండింగ్ పాట వెయ్, లక్షల్లో వ్యూస్ వస్తాయ్. లాంగ్ వీడియోలు ఎవడు చూస్తున్నాడు ఇప్పుడు

బొమ్మలబడి:
బ్రో కాదు బాబూ, అక్కని 😄

రీల్‌రాజా:
సారీ అక్కా. షార్ట్స్ మాట మాత్రం మార్చను

లెక్కలమనిషి:
వ్యూస్ వస్తాయి తమ్ముడూ, డబ్బు దగ్గరే తేడా. షార్ట్స్ ఫీడ్‌లో రెండు వీడియోల మధ్య పడే యాడ్ ఏ ఒక్కరిదీ కాదు, ఆ డబ్బంతా ఒక చోట పోగేస్తారు. పాటలు వాడిన వీడియోల లెక్కలోంచి మ్యూజిక్ కంపెనీల భాగం పక్కకు తీస్తారు, మిగిలింది ఒక్కో దేశంలో ఎవరికెన్ని వ్యూస్ వచ్చాయో చూసి పంచుతారు, అలా మన పేరు మీద పడినదాంట్లో 45 శాతం మనకి. ఈ పద్ధతి 2023 ఫిబ్రవరి నుంచి ఉంది. పాట వాడితే మన వాటా కోసేస్తారని చాలామంది భయపడతారు, అది తప్పు, పాట ఉన్నా లేకపోయినా అదే 45.

ఇంకో సంగతి. 2025 మార్చి 31 నుంచి షార్ట్ ప్లే అవడం మొదలైతే చాలు వ్యూ కింద లెక్కేస్తున్నారు, అలా తోసేసి వెళ్ళిపోయినా సరే. డబ్బు లెక్క మాత్రం పాత పద్ధతిలోనే, తోసేయకుండా ఆగి చూసినవి ఎంగేజ్డ్ వ్యూస్ అని అనలిటిక్స్‌లో వేరుగా కనిపిస్తాయి చూసుకో. నీ లక్షల్లో అవి ఎన్నో చూసి చెప్పు.

రీల్‌రాజా:
చూశా. మాట్లాడను ఇంక

ఎడిటర్‌గది:
హహ. షార్ట్స్ వేస్ట్ అని కాదు, సంపాదనకి అది చోటు కాదు అంతే, కొత్త మొహాలు లోపలికి రావడానికి గుమ్మం లాంటిది. నేను నాలుగైదు ఛానెళ్ళకి ఎడిటింగ్ చేస్తుంటా, చూసిందే చెప్తున్నా. షార్ట్ కింద రిలేటెడ్ వీడియో అని ఒక లింక్ పెట్టుకోవచ్చు, సగం మంది అది ఖాళీగా వదిలేస్తారు. 2023 ఆగస్టు చివర్లో షార్ట్స్ కామెంట్లలో, డిస్క్రిప్షన్‌లో లింకులు నొక్కితే తెరుచుకోకుండా చేసేశాక మిగిలిన దారి దాదాపు అదే. కన్ను ఎలా గీయాలో షార్ట్ పెడితే దాని కింద మొత్తం ముఖం పాఠం లింక్ ఉండాలి, ఛానెల్ హోమ్ పేజీ కాదు.

మీరు అడిగిన రెండోది, కామెంట్లు. అక్కా మీరు ప్రశ్న ఎక్కడ అడుగుతున్నారు? చివర్లో కదా, "ఈ పాఠం ఎలా ఉందో కామెంట్ చేయండి" అని. రిటెన్షన్ గ్రాఫ్ (వీడియోని ఎంతమంది ఎక్కడిదాకా చూశారో చూపించేది) తెరిచి చూడండి, "సరే మరి" అని మీరు అనీ అనగానే గీత జారిపోతుంది, ఆ ప్రశ్న వినేవాళ్ళే ఉండరు. పైగా ఎలా ఉంది అంటే బాగుంది తప్ప ఏం చెప్తారు. దాని బదులు వీడియో మధ్యలో పక్కపక్కన రెండు ముక్కులు గీయండి, ఒకదానికి వెలుగు ఎడమ వైపు నుంచి పడుతుంటే నీడ కూడా ఎడమ వైపే వేసేయండి, "ఈ రెండిట్లో ఒకటి తప్పు, ఏదో ఎందుకో కింద రాయండి, జవాబు రేపు పిన్ చేస్తా" అని పాఠంలోకి వెళ్ళిపోండి. జవాబు తెలిసినవాడు ఊరుకోడు, పక్కవాడు తప్పు చెప్తే అసలే ఊరుకోడు. వాళ్ళలో వాళ్ళు వాదించుకోవడం మొదలయ్యాక మీరు ప్రత్యేకంగా అడగాల్సిన పనే ఉండదు.

బొమ్మలబడి:
ఇది చాలా బాగుంది ఎడిటర్‌గది గారూ. గ్రాఫ్ చూశా, మీరన్నట్టే ఉంది, ఆఖర్లో కొండ మీంచి దూకినట్టు.

చదరంగంలైవ్:
నేను చెస్ లైవ్‌లు చేస్తా, నా అనుభవం చెప్తా, కొంచెం పెద్దగా ఉంటుంది ఓపిక పట్టండి. మామూలు వీడియోల కంటే లైవ్‌లోనే నాకు ఎక్కువ వస్తుంది, చూసేవాళ్ళు తక్కువే ఉంటారు కానీ ఉన్నవాళ్ళు గంట గంటన్నర కదలరు. సూపర్ చాట్ 2017లో వచ్చింది, దాంట్లో 70 శాతం మనకి, మెంబర్‌షిప్‌కి కూడా అంతే. ఎంత ఎక్కువ పెడితే ఆ మెసేజ్ పైన అంత ఎక్కువసేపు ఉంటుంది, బాగా పెద్ద మొత్తమైతే 5 గంటల దాకా. అయితే దీంట్లో ఒక గోతి ఉంది. సూపర్ చాట్ వచ్చినప్పుడల్లా ఆట ఆపి పేరు చదివి థ్యాంక్స్ చెప్తూ కూర్చుంటే డబ్బు పెట్టనివాళ్ళకి అది పేర్ల రిజిస్టర్ చదివినట్టుంటుంది, ఒక్కొక్కరే జారుకుంటారు, వాళ్ళు పోతే రేపు పెట్టేవాళ్ళూ ఉండరు. అందుకే నేను ఒక ఆట అయ్యాకే అన్నీ చదువుతా, ఆట మధ్యలో ఎవరు ఎంత పెట్టినా బోర్డు మీంచి కళ్ళు తీయను, ఈ సంగతి లైవ్ మొదట్లోనే చెప్పేస్తా.

జనాన్ని కదిలించేది మాత్రం పోల్. గుర్రం ఎత్తాలా ఏనుగు ఎత్తాలా అని లైవ్ చాట్‌లో పోల్ పెడతా, గెలిచిన ఎత్తే వేస్తా, అది చెత్త ఎత్తని నాకు తెలిసినా సరే వేస్తా. ఓడిపోతే వాళ్ళే తిట్టుకుంటారు, ఆ తిట్లు చదవడానికే ఇంకో పది మంది వస్తారు. గిఫ్ట్ మెంబర్‌షిప్‌లు కూడా అలాంటి టైంలోనే పడతాయి, ఎవడో ఒకడు ఊపులో ఐదుగురికి కొనేస్తాడు. వాళ్ళలో నెల అయ్యాక సొంతంగా కొనసాగేవాళ్ళు తక్కువే గానీ అసలు లేకపోరు.

నిశ్శబ్దవీక్షకుడు:
నాకు ఛానెల్ ఏం లేదు, చూసేవాడిని మాత్రమే. డబ్బు పెట్టే వైపు నుంచి కూడా ఒక మాట చెప్పొచ్చా?

ఎడిటర్‌గది:
చెప్పండి చెప్పండి, మాకు కావాల్సింది మీరే

నిశ్శబ్దవీక్షకుడు:
ప్రస్తుతం ఇద్దరికి నెలనెలా ఇస్తున్నా. బ్యాడ్జీల కోసం, ఎమోజీల కోసం కాదు, వాళ్ళు ఆపేస్తే నాకు లోటు అనిపిస్తుంది కాబట్టి. మూడో ఆయన్ని మానేశా. ఎందుకంటే ఆయన మెంబర్లకి వారానికి రెండు స్పెషల్ వీడియోలు పెట్టేవాడు, పాపం కష్టపడి చేసేవాడు, నాకు మాత్రం చూసే టైం ఉండేది కాదు. చూడని వీడియోలు పేరుకుపోతుంటే ఏదో అప్పు పడ్డట్టు ఉండేది, ఒకరోజు విసుగొచ్చి తీసేశా. ఎక్కువ ఇస్తే ఎక్కువ రోజులు ఉంటారని మీరంతా అనుకుంటారేమో, నా విషయంలో రివర్స్ అయింది.

రిపేర్‌బెంచ్:
పై పోస్ట్ ప్రింట్ తీసి గోడకి అంటించుకోవాలి అందరూ.

ఎడిటర్‌గది:
నిజంగా. నేను చూసిన మెంబర్‌షిప్‌లు చాలావరకు అలాగే మూతబడ్డాయి, చూసేవాళ్ళ వల్ల కాదు, చేసేవాళ్ళు అలిసిపోయి. నెలకి నాలుగు ఎక్స్‌ట్రా వీడియోలు అని మాటిచ్చేస్తారు, రెండో నెలకే అది ఇంకో ఉద్యోగం అయి కూర్చుంటుంది. మీరు ఎలాగూ చేస్తున్న పనిలోంచి పుట్టేదే ఇవ్వండి. వీడియో రెండు రోజుల ముందు చూడనివ్వడం, ఎడిట్ చేయని పూర్తి రికార్డింగ్, మీరు చూసి గీసిన రిఫరెన్స్ ఫోటో, గీతలు మాత్రమే ఉన్న ప్రింట్ షీట్, ఇవన్నీ ఇప్పటికే మీ కంప్యూటర్‌లో పడి ఉన్నాయి కదా.

డ్రాయింగ్‌కి ఇంకోటి బ్రహ్మాండంగా సరిపోతుంది. నెలకోసారి లైవ్ పెట్టి మెంబర్లు పంపిన బొమ్మల్ని స్క్రీన్ మీద పెట్టి పైన ఇంకో లేయర్‌లో ఎర్ర గీతతో దిద్దండి. చూడటం అందరికీ ఫ్రీ, బొమ్మ పంపించడం మాత్రం మెంబర్లకే. పక్కవాడి బొమ్మ దిద్దుతుంటే చూడటం కూడా పాఠమే కాబట్టి డబ్బు కట్టనివాళ్ళూ వస్తారు, వాళ్ళలో కొందరికి తమదీ దిద్దించుకోవాలనిపిస్తుంది.

కొత్తఛానెల్:
ఇవన్నీ పెద్ద ఛానెళ్ళకే కదండీ? నాకు ఇంకా 1000 సబ్‌స్క్రైబర్లు కాలేదు, 600 దగ్గర ఆగిపోయింది 😔

లెక్కలమనిషి:
కాదండీ, 2023 జూన్ నుంచి ఇంకో మెట్టు పెట్టారు. 500 సబ్‌స్క్రైబర్లు, గత 90 రోజుల్లో 3 పబ్లిక్ అప్‌లోడ్లు, వీటితో పాటు ఏడాదిలో 3000 గంటల వాచ్ టైం గానీ 90 రోజుల్లో 30 లక్షల షార్ట్స్ వ్యూస్ గానీ ఉంటే మెంబర్‌షిప్, సూపర్ చాట్, సూపర్ థ్యాంక్స్, షాపింగ్ లాంటివి తెరుచుకుంటాయి. యాడ్ డబ్బుకి మాత్రం 1000, దాంతో పాటు 4000 గంటలు గానీ కోటి షార్ట్స్ వ్యూస్ గానీ కావాల్సిందే. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన టైం ఆ గంటల్లో కలవదు, అది గుర్తుపెట్టుకోండి. అన్ని దేశాల్లో అన్ని ఫీచర్లూ ఉండవు, స్టూడియోలో ఎర్న్ ట్యాబ్ తెరిస్తే మీకేమున్నాయో కనిపిస్తాయి.

చదరంగంలైవ్:
హైప్ కూడా ఉంది కొత్తఛానెల్ గారూ, అది మీలాంటి వాళ్ళ కోసమే తెచ్చారు. 500 నుంచి 5 లక్షల సబ్‌స్క్రైబర్ల మధ్య ఉన్న ఛానెళ్ళకే. వీడియో పెట్టిన మొదటి 7 రోజుల్లో చూసేవాళ్ళు హైప్ బటన్ నొక్కితే పాయింట్లు పడతాయి, ఆ లెక్కన ఒక లీడర్‌బోర్డ్ ఉంటుంది. ఛానెల్ ఎంత చిన్నదైతే పాయింట్లకి అంత బోనస్. ఒక్కొక్కరికి వారానికి మూడే ఫ్రీగా ఉంటాయి కాబట్టి నొక్కేవాడు ఆలోచించి నొక్కుతాడు, లైక్ లాగా ఊరికే పడేది కాదు. "ఈ వారం ఒక హైప్ మిగిలి ఉంటే ఇటు వేయండి" అని మర్యాదగా అడిగితే వేస్తారు, నేనూ అలాగే అడుగుతా.

రీల్‌రాజా:
మళ్ళీ నేనే. నా ఫ్రెండ్ ఒకడు ఏఐతో స్క్రిప్ట్, ఏఐ వాయిస్, ఏఐ బొమ్మలు పెట్టి రోజుకి పది వీడియోలు దింపుతున్నాడు, కెమెరా ముందుకి రావక్కర్లేదు ఏం అక్కర్లేదు. ఇది వర్కౌట్ అవుతుందా?

రిపేర్‌బెంచ్:
అవుతుంది. ఆగిపోయేదాకా.

లెక్కలమనిషి:
రిపేర్‌బెంచ్ గారు పొదుపుగా చెప్పారు, నేను విప్పి చెప్తా. ఒకే మూసలో పోసినట్టు గుట్టలుగా దింపేవాటికి మానిటైజేషన్ లేదన్న రూల్ ముందు నుంచీ ఉంది, 2025 జూలై 15న దాని పేరు మార్చి ఇనాథెంటిక్ కంటెంట్ అని ఇంకా స్పష్టంగా రాశారు. ఏఐ వాడటం తప్పని కాదు, మీ పని అందులో కనపడాలి. నిజమనిపించేలా మార్చిన, పుట్టించిన సీన్లు ఉంటే అప్‌లోడ్ చేసేటప్పుడు ఆ సంగతి టిక్ పెట్టాలి, ఇది 2024 మార్చి నుంచి ఉంది. ఇంకోటి, చూసేవాడికి అవతల మనిషి ఎవరో తెలియకపోతే మెంబర్‌షిప్ ఎవరికోసం తీసుకుంటాడు? నిశ్శబ్దవీక్షకుడు గారు పైన చెప్పిందీ అదే కదా.

రిపేర్‌బెంచ్:
నాది ఫోన్ రిపేర్ ఛానెల్. మెంబర్‌షిప్ పెట్టలేదు. నా జనం ఫోన్ పాడైతే వస్తారు, బాగైతే పోతారు, వాళ్ళని నెలనెలా కట్టమంటే నవ్వుతారు. నాకు నడిచేవి రెండు, పనిముట్ల అఫిలియేట్ లింకులు (మన లింక్ నుంచి కొంటే మనకి కమిషన్), స్పాన్సర్లు. అఫిలియేట్ బాగా పనిచేస్తుంది, స్క్రూడ్రైవర్ కావాలనే వచ్చినవాడికి స్క్రూడ్రైవర్ లింక్ ఇస్తున్నా, అంతే. ఎవరి ఛానెల్ తీరు వాళ్ళది, పక్కవాడికి నడిచిందని పెట్టుకోకండి.

స్పాన్సర్ల గురించి రెండు ముక్కలు. పెయిడ్ ప్రమోషన్ టిక్ తప్పనిసరి, నోటితో కూడా చెప్పండి. అగ్రిమెంట్‌లో మొదట చూడాల్సింది రేటు కాదు, మీ వీడియోని వాళ్ళు ఎక్కడెక్కడ ఎన్నాళ్ళు వాడుకోవచ్చన్న లైను. ఒక కంపెనీ నా వీడియోలోంచి నేను వాళ్ళ గ్లూ మెచ్చుకున్న ముక్క కత్తిరించి వాళ్ళ సొంత యాడ్‌గా నెలల తరబడి తిప్పింది, వేడి తగిలితే ఊడిపోతుందని నేను చెప్పిన తర్వాతి వాక్యం ఎగిరిపోయింది. కామెంట్లలో నన్ను అమ్ముడుపోయావా అన్నారు. అడిగితే అగ్రిమెంట్ చూపించారు, "అన్ని మాధ్యమాల్లో, కాలపరిమితి లేకుండా" అని ఉంది. ఇప్పుడు 30 రోజులు, వాళ్ళ పేజీలో మాత్రమే, కత్తిరిస్తే నాకు చూపించాలి అని రాయించుకుంటా. పోటీ కంపెనీలతో ఎన్నాళ్ళు చేయకూడదు, డబ్బు ఏ తేదీకి ఇస్తారు, ఈ రెండూ కూడా అందులోనే ఉండాలి. ఒప్పుకోనివాళ్ళు పోతారు, పోనీ.

బొమ్మలబడి:
అయ్యో. పెన్సిళ్ళ కంపెనీ ఒకటి మెయిల్ పెట్టింది, ఇప్పుడే వెళ్ళి ఆ లైను చూస్తా.

అయితే నేను కోర్సు సంగతి అడిగా, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు?

ఎడిటర్‌గది:
కోర్సు పెద్ద పని అక్కా, ఆరు నెలలు కష్టపడి చేశాక ఎవరూ కొనకపోతే గుండె పగులుతుంది. ముందు చిన్నది అమ్మి చూడండి, రిఫరెన్స్ ఫోటోల ప్యాక్ ఒకటి, లేదా ప్రాక్టీస్ షీట్ల పీడీఎఫ్ ఒకటి. ఏ వీడియో కింద ఎక్కువమంది కొన్నారో చూస్తే కోర్సు దేని మీద చేయాలో అదే చెప్తుంది. పేట్రియాన్ అని అభిమానులు నెలనెలా డబ్బిచ్చే సైట్ 2013 నుంచి ఉంది, అందులో కూడా విడిగా ఫైళ్ళు అమ్ముకోవచ్చు. ఒకటే జాగ్రత్త, 2024 నవంబర్ నుంచి ఐఫోన్ యాప్‌లోంచి కొత్తగా చేరేవాళ్ళ మీద యాపిల్ 30 శాతం ఫీజు పడేలా పెట్టారు, బ్రౌజర్‌లో చేరితే ఆ కోత ఉండదు. లింక్ కింద ఒక ముక్క రాసి పెట్టండి, చాలు.

థంబ్‌నెయిల్ (వీడియో ముఖచిత్రం) టెస్ట్ కూడా వాడండి. ఒకే వీడియోకి మూడు దాకా పెట్టొచ్చు, గెలిచేది ఎక్కువ క్లిక్కులు వచ్చింది కాదు, ఎక్కువ వాచ్ టైం తెచ్చింది. పూర్తయిన బొమ్మ కంటే సగం గీసిన ముఖమే చాలాసార్లు గెలవడం చూశా.

మోడరేటర్:
థ్రెడ్ బాగా నడుస్తోంది, ఒక్క మాట. కొత్తగా డబ్బు మొదలైనవాళ్ళు యాడ్‌సెన్స్‌లో (గూగుల్ మనకి డబ్బు పంపే ఖాతా) ట్యాక్స్ ఫారం నింపారో లేదో చూసుకోండి. నింపకపోతే అమెరికా నుంచి వచ్చిన వ్యూస్ మీదే కాదు, మొత్తం సంపాదన మీద 24 శాతం దాకా పట్టుకోవచ్చు. నింపితే అమెరికా వ్యూస్ భాగం మీదే లెక్క.

చదరంగంలైవ్:
అక్కా డబ్బింగ్ ఆడియో కూడా చూడండి, ఒకే వీడియోకి వేరే భాషల ట్రాకులు పెట్టొచ్చు, ఆటోమేటిక్‌గా చేసే ఆప్షన్ 2024 డిసెంబర్ నుంచి బాగా పెరిగింది. మాలాంటి వాళ్ళకి వాగుడే ప్రాణం కాబట్టి మెషిన్ గొంతు తేలిపోతుంది, మీ వీడియోలో చూసేది చేతుల్నే కదా. పబ్లిష్ అయ్యే ముందు రివ్యూకి ఆపేలా సెట్టింగ్ పెట్టుకుని ఒకసారి వినండి.

బొమ్మలబడి:
సరే, నా ప్లాన్ ఇది, తప్పుంటే చెప్పండి. కోర్సు ఇప్పుడు వద్దు. మెంబర్‌షిప్ ఒకటే లెవెల్, ఎక్స్‌ట్రా వీడియోలు ఏమీ లేవు, ఎర్ర గీత లైవ్ నెలకోసారి, దాంతో పాటు నా రిఫరెన్స్ ఫోటోలు. రెండు ముక్కుల ప్రశ్న వచ్చే వీడియోలోనే. షార్ట్స్ ఉంటాయి కానీ ప్రతిదానికీ రిలేటెడ్ వీడియో ఉంటుంది. ఒక్క డౌట్, ఎక్కువ బొమ్మలు వస్తే లైవ్‌లో అన్నీ దిద్దలేను కదా, డబ్బు కట్టినవాళ్ళు ఊరుకుంటారా?

చదరంగంలైవ్:
మొదటి రోజే సంఖ్య చెప్పేయండి, "ఒక లైవ్‌లో ఎనిమిదే" అని. మిగిలినవి వచ్చే నెల వరసలో ముందు. వరస అందరికీ కనిపించేలా మెంబర్ల పోస్ట్‌లో పెట్టండి, గొడవ ఉండదు.

రిపేర్‌బెంచ్:
బొమ్మ పంపే ఫారంలో రెండు టిక్ బాక్సులు పెట్టండి. ఒకటి, లైవ్‌లో చూపించడానికి ఒప్పుకుంటున్నా. రెండు, నా పేరు చెప్పొచ్చు. రెండోది ఖాళీగా వదిలేసేవాళ్ళు చాలామంది ఉంటారు, అలాంటి బొమ్మలకి పేరు బదులు నంబరు వేయండి. దిద్దిన బొమ్మ తర్వాత షార్ట్‌గా కూడా వాడుకోవాలంటే దానికి మూడో బాక్సు.